ఎనిమిదో లెక్క

రాజమండ్రి నుంచి పెనుగొండ వెళ్ళదలచినవారు పొద్దున్నే పాసింజరు ఎక్కి నిడదవోలులో దిగాలి. అక్కడ భీమవరం వైపు వెళ్ళే బండి పట్టుకుని తణుకులో దిగితే, పెనుగొండకు బస్సులుంటాయి. నేరుగా బస్సులోనే పోవచ్చు గానీ నా వయసువాళ్ళ నడుములకు అది మంచిది కాదు. ఈ దారిన నేను వందసార్లు తిరిగాను. సరే, పదిహేనుసార్లు అనుకోండి. ఈసారి మాత్రం వెళ్ళాలని లేదు. వెళ్ళక తప్పలేదు.

మాఘమాసంలో పెనుగొండ నుంచి కార్డు వచ్చింది. రాసినవారు అక్కడ బట్టల కొట్టు నడిపే కోటయ్యగారు. ‘మా ఆవిడ సంవత్సరీకం అయిన మర్నాడు, శుక్రవారం భజనలో, ఆవిడకిష్టమైన పాట పాడుకుంటున్నాము. సంగీతం చదువుకుని వచ్చిన మా మనవరాలు మన తాళం తప్పంటోంది. నాకూ దానికీ మాటలు లేవు. తాళం నేర్పినవారు మీరు. వచ్చి పిల్లకు చెప్పవలెను.’

పద్దెనిమిదేళ్ళ కిందట నేను పెనుగొండలో పోస్టుమాస్టరుని. నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నానని భజన బృందానికి చెప్పాను. నిజానికి నాలుగు నెలలు. ఇంకా నిజం చెప్పమంటే, ఆ నాలుగు నెలలూ గురువుగారి అరుగు మీద కూర్చుని లోపల ఇంకొకరికి చెబుతున్న పాఠం విన్నాను. ఆ చదువుతోనే వాళ్ళకు అమ్మవారి మీద ఒక పాట నేర్పాను. అది మిశ్రచాపు తాళం. ఏడు లెక్కలు, మూడూ నాలుగూ. ‘తకిట తకధిమి’ అని నోటితో అంటూ చేత్తో వేస్తే తెలిసిపోతుంది, చెయ్యి మాట వినేవాళ్ళకు. నా చెయ్యి ఎనిమిది లెక్కల ఆదితాళానికి అలవాటుపడింది. ఏడయ్యాక మళ్ళీ ఒకటి అందుకోవలసినచోట ఎనిమిదో లెక్క కోసం వెతుక్కునేది. ప్రతిసారీ ఒక లెక్క ఖాళీగా జారిపోయేది.

కోటయ్యగారి భార్య రత్నమ్మగారు పట్టేశారు. “ఏడన్నారు కదండీ, ఇక్కడ ఖాళీగా ఇంకోటి ఉందేంటండీ?”

నేను తడుముకోలేదు. “అది అమ్మవారి లెక్కండి. అప్పుడు తాళం వేయకూడదు, నోరు విప్పకూడదు” అన్నాను.

ఆవిడ చేతిలోని తాళాలు కళ్ళకద్దుకున్నారు. తర్వాత నాకు బదిలీ అయింది. అబద్ధం అక్కడే ఉండిపోయింది.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు బండి కదిలింది. జనం ఎంతమందంటే నేను ఒంటికాలి మీద నిలబడ్డాను. కాదు, కిటికీ పక్కన చోటే దొరికింది. వంతెన మీదికి వచ్చాక మోకాలి మీద ఏడు వేసి చూసుకున్నాను. చక్రాల చప్పుడు నాలుగు నాలుగుగా వస్తోంది. నా చెయ్యి దాని వెంట పోయింది. నాకంటే ముందే కడియంలో ఎక్కాడట, కాళ్ళ దగ్గర గులాబీ అంట్ల గంప పెట్టుకున్నతను చూస్తున్నాడు.

“ఏంటండీ బాబుగారూ, వేళ్ళ మీద లెక్కలు? మనవలెంతమందేంటి?”

“ఏడుగురు” అన్నాను.

“ఎనిమిది దాకా వెళ్ళిపోతున్నారండీ!” అని నవ్వాడు.

నిడదవోలులో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. రెండో బండి ముప్పావుగంట ఆలస్యం. ఆ సమయంలో ఒక మాట తయారు చేసుకున్నాను: ‘ఇది మన ప్రాంతపు పాత పద్ధతమ్మా, కాలేజీల్లో చెప్పరు.’ పెద్దవాణ్ణి, పిల్ల ఎదురుచెప్పదు. తణుకులో దిగేసరికి పది దాటింది. చెరకు బళ్ళ వెనక బస్సు నత్తలా నడిచింది. రోడ్డు పొడుగునా కాలిన బెల్లంలాంటి వాసన. పెనుగొండ చేరేసరికి పన్నెండు కావస్తోంది.

బస్టాండులో కోటయ్యగారికి బదులు వాళ్ళ మనవరాలు వరలక్ష్మి నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ళుంటాయి.

“తాతగారూ, ఇంటికెళ్ళేలోపు ఒక్క మాటండి. మీరు ఎనిమిదంటే నేను మా తాతయ్య కాళ్ళకి దణ్ణం పెట్టి తప్పైపోయిందంటాను. ఏడైతే ఏడని చెప్పండి. మా మామ్మ పాట తప్పుగా పాడటం నా వల్ల కాదు.”

నా సంచి తను పట్టుకుని ముందు నడిచింది. తయారు చేసుకున్న మాట అప్పుడే కొంచెం బరువెక్కింది.

కోటయ్యగారు ఆకు ముందు కూర్చోబెట్టారు. పప్పు వడ్డించకముందే మొదలుపెట్టారు. “మాట పడిపోయాక కూడా మా ఆవిడ మంచం పట్టె మీద తాళం వేసేదండి. ఏడు వేసి, చెయ్యి పైకెత్తి ఉంచేది. అమ్మవారి లెక్క వదిలి మళ్ళీ వేసేది. ఆఖరి రోజున కూడా తప్పలేదు. ఇది తప్పంటుందండీ ఈ పిల్ల! మీరు చెప్పండి.”

వరలక్ష్మి గుమ్మంలో నిలబడింది. నేను ఆకు ముందు నుంచి లేచాను.

“అమ్మాయి చెప్పిందే నిజమండి. పాటకు ఏడే. ఎనిమిదోది నాకు చేతకాక వచ్చింది.”

“మరి అమ్మవారి లెక్కని మీకెవరు చెప్పారండీ?”

“ఎవరూ చెప్పలేదండి. నేనే కల్పించాను.”

ఆయన ఖాళీ ఆకు మడిచి పక్కన పెట్టారు. “పద్దెనిమిదేళ్ళు మేం ఎవరికి దణ్ణం పెట్టామండీ మరి?” అన్నారు. కండువా తీసుకుని కొట్టుకు వెళ్ళిపోయారు. ఆ పూట ఆయన భోంచేయలేదు, నేనూ భోంచేయలేదు.

“నా మాట నెగ్గిందని సంతోషం లేదు తాతగారూ” అంది వరలక్ష్మి.

సాయంత్రం ఆరింటికి కొట్టు వెనక హాల్లో భజన. పదకొండుమంది వచ్చారు. జరిగిన సంగతి వరలక్ష్మే చెప్పి, ఏడు వేస్తూ పాట ఎత్తుకుంది. బృందమంతా అలవాటుకొద్దీ ఖాళీ దగ్గర ఆగిపోయి తల వంచుతున్నారు. ఆమె ముందుకు పోతోంది. తాళాలు ఒకదానిమీదొకటి పడి గలగలమన్నాయి. మూడుసార్లు ఎత్తుకుని మూడుసార్లు ఆపారు. గానుగ వెంకన్న అనే ముసలాయన తాళాలు కింద పెట్టేశాడు. “ఇదేంటమ్మా, అమ్మకి చోటే లేకుండా పోయింది?”

నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న కోటయ్యగారు వచ్చి, రత్నమ్మగారి తాళాలు తీసుకుని, మనవరాలి ఎదురుగా కూర్చున్నారు. మాటలు మానేశాక ఆ పిల్లతో మాట్లాడటం అదే మొదటిసారి.

“నువ్వు వెయ్యమ్మా. నేను చూసి వేస్తాను.”

ఆమె మెల్లగా వేసింది. పల్లవి అంతా ఆయన చెయ్యి ఖాళీ దగ్గర ఆగిపోతూనే ఉంది. చరణంలో సగానికి ఏడు కుదిరింది. ఆఖరి చరణానికి పదకొండుమందీ ఏడు వేస్తున్నారు. అప్పుడు విన్నాను ఆ పాటను మొదటిసారి. నేను నేర్పినప్పుడు అది కుంటింది. ఇప్పుడు నడిచింది.

పాట ముగిసింది. కోటయ్యగారు తాళాలు విడిగా పైకెత్తి ఒక్క లెక్క అలాగే ఉంచారు. వెంకన్న తల వంచాడు. మిగతావాళ్ళూ వంచారు. వరలక్ష్మి చెయ్యి కూడా గాలిలోనే ఆగింది. తర్వాత ఆయన తాళాలు ఒళ్ళో పెట్టుకున్నారు.

రాత్రి సత్రంలో పడుకున్నాను. గది శుభ్రంగా ఉంది, నీళ్ళు బావి నుంచి తోడుకోవాలి. ఉదయం ఏడింటి బస్సు దగ్గరికి కోటయ్యగారు పులిహోర పొట్లంతో వచ్చారు.

“నిన్న పస్తుండిపోయారు. ఇది బండిలో తినండి. మీ మీద కోపం పోలేదండీ.”

“పోకూడదండి” అన్నాను.

“ఈసారి ఏడు నేర్చుకుని రండి” అని, బస్సు కదలకముందే వెనక్కి తిరిగారు.

నిడదవోలులో బండి మారాక మోకాలి మీద మొదలుపెట్టాను. రాజమండ్రి దాకా ఒక్కటి తప్పలేదని రాద్దామనుకున్నాను. వంతెన దాకానే. గోదావరి మీదికి రాగానే చెయ్యి జారి, ఆ ఖాళీ మళ్ళీ వచ్చింది. ‘ఇక్కడ ఇంకోటి ఉందేంటండీ?’ అని రత్నమ్మగారు అడిగినట్టే ఉంది.

“నాకు రాలేదండి, తప్పిపోయింది” అన్నాను, పైకే. ఎదుటి సీటాయన పేపరు దించి నన్ను ఎగాదిగా చూశాడు. కింద నది చాలా వెడల్పుగా ఉంది, ఇంకా సగం వంతెన మిగిలి ఉంది. ఒకటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.