అగాధపు మిడతకు అయ్యగారి మీసం

తొంభైల మధ్యలో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి జువాలజీ ఎమ్మెస్సీ చదివేవాణ్ని. రికార్డు బుక్కుల్లో బొద్దింకలు బాగా గీస్తానని నాకు పేరు. మా రూమ్మేటుది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. నా పేరు తార్నాకలోని తమ పాస్టరు గారి చెవిన వేసి, ఒకరోజు నన్ను ఆయనింటికి తీసుకెళ్లాడు.

పాస్టరు గారు బైబిలు చివర ప్రకటన గ్రంథంలో ఉన్న అంత్యదినాల మీద వారం వారం ప్రసంగిస్తున్నారు. గుర్రాల మీద వచ్చే నలుగురి సంగతి అయిపోయింది. ఇక అగాధంలోంచి లేచివచ్చే మిడతల వంతు. గోడకు వేలాడదీయడానికి పెద్ద బట్ట మీద మిడత బొమ్మ కావాలి.

"మొఖం మనిషిది, జుట్టు ఆడోళ్లది, పండ్లు సింహానివి, తోక తేలుది. నెత్తిమీద కిరీటం," అన్నారాయన, కూరగాయలు తెమ్మన్నట్టు.

"మిడత కీటకం సార్. తేలు కీటకం కాదు. ఆ తోక దీనికి రాదు," అన్నాను.

"దేవుడు మీ సిలబస్ చూసి చెయ్యలే బిడ్డా. నువ్వు గియ్యి."

ఆ వారం సాయంత్రాలు వాళ్ల వరండాలో కూర్చుని గీశాను. పాస్టరమ్మ గారు టీ ఇచ్చి బట్ట వైపు చూశారు. "జుట్టు గట్ల ఇరబోసుకున్నదేంది? జడెయ్యి," అన్నారు. వేశాను. ముఖానికే నమూనా లేదు. ఎదురుగా పాస్టరు గారు కుర్చీలో ప్రసంగం తయారు చేసుకుంటున్నారు. చెయ్యి కంటి వెంటే పోయింది, మీసంతో సహా.

ఆదివారం చర్చిలో బట్ట విప్పగానే ముందు వరసలోని ముసలమ్మ అడిగింది, "అయ్యగారూ, గిది మీరే గద?"

ఆడవాళ్ల వైపు నవ్వు మొదలై మగవాళ్ల వైపు పాకింది. పాస్టరు గారు పట్టించుకోకుండా మిడతలు పెట్టే బాధలు వర్ణించారు. ఆయన గొంతు పెంచినప్పుడల్లా పాస్టరమ్మ గారు కొంగులో ముఖం దాచుకున్నారు. ఎవరూ భయపడలేదు. నేను లేచి పోబోతుంటే రూమ్మేటు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

అందరూ వెళ్లాక ఆయన నన్ను పిలిచారు.

"నా మొఖంల గంత కోపం ఉంటదా?" మెల్లగా అడిగారు.

"పండ్లు సింహానివి కద సార్, అందుకే అట్ల అనిపిస్తది."

"పండ్లు తీసేసినా గట్లనే ఉంటది," అన్నారు పాస్టరమ్మ గారు, కుర్చీలు సర్దుతూ.

ఆయన బట్ట తీయించలేదు. తర్వాతి ఆదివారం మీసం తీసేయించుకొని వచ్చారు. ప్రార్థనకు ముందు ముసలమ్మ పక్కావిణ్ని అడగడం అందరికీ వినబడింది, "కొత్త పాస్టర్ ఎప్పుడొచ్చిండు?"

ఆపై వారం ఏడు తలల ఘటసర్పం వంతు. ఈసారి నన్ను వరండాలో కాక వంటింట్లో కూర్చోబెట్టారు. అక్కడ పాస్టరమ్మ గారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. బొమ్మ పూర్తయ్యేదాకా నేను తల ఎత్తలేదు.