తుప్పనుకుని వేయించిన రంగు

ఇన్నేళ్ళూ ఈ మాట గొంతు దాకా వచ్చి మళ్ళీ లోపలికే పోయింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయనకే అబద్ధం చెప్పాను కాబట్టి ఆయనకు చెప్పడం మరీ కష్టం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

తొంభైల్లో ఖతార్‌లోని దుఖాన్‌లో, చమురు కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. పక్కింట్లో మారీ ఉండేది. కరీబియన్ దీవుల్లోని హైతీ దేశం ఆమెది, భర్త ఫ్రెంచి ఇంజనీరు. వాళ్ళ ముందుగదిలో గోడకు ఒక చేపకన్య బొమ్మ ఉండేది. పాత ఆయిల్ డ్రమ్మును కాల్చి, చదును చేసి, ఉలితో కత్తిరించి, సుత్తితో కొట్టి చేసినది. వాళ్ళ ఊళ్ళో చాలామందికి అదే పనట, వీధి పొడుగునా సుత్తుల మోతేనట. ఆ బొమ్మ చేసింది మారీ తమ్ముడు. అతను పోయాడు. ఆమెకు మిగిలింది ఆ బొమ్మే.

ఒక వేసవిలో మారీ వాళ్ళు సెలవుకు వెళ్తూ, మొక్కలకు నీళ్ళు పొయ్యమని తాళంచెవి నాకిచ్చారు. రోజూ బొమ్మను చూసేదాన్ని. నల్లగా, అక్కడక్కడా ఎర్రగా ఉండేది. మాది బందరు. సముద్రపు గాలి ఇనుమును ఎలా తినేస్తుందో చూస్తూ పెరిగాను. ఏటా కిటికీ ఊచలను ఉప్పుకాగితంతో రుద్దించి, సిల్వర్ పెయింట్ వేయిస్తేగానీ మా అమ్మకు నిద్రపట్టేది కాదు. మారీ తమ్ముడి గుర్తు తుప్పుపట్టి పాడైపోతోందే అనుకున్నాను. నిజంగా ప్రేమతోనే అనుకున్నాను.

కాలనీ కంచెలకు రంగులేసే మల్లేశాన్ని పిలిచాను. జగిత్యాల వైపు మనిషి. ఇంటామె లేనప్పుడు ముట్టుకోవచ్చా అని నసిగాడు. ఆమె చూసి మురిసిపోతుందిలే అని నేనే తొందరపెట్టాను. సిల్వర్ పెయింట్ వేశాడు. బొమ్మ తళతళలాడిపోయింది. నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను.

మారీ తిరిగొచ్చి చూసింది. చేప పొలుసుల మీద వేలు పెట్టి తడిమింది. నేను తుప్పనుకున్నది డ్రమ్మును కాల్చినప్పుడు వచ్చిన రంగేనట; దాంతోపాటు ఆమె తమ్ముడి సుత్తి దెబ్బల సన్న సన్న గుంటలన్నీ పెయింట్ కింద పూడిపోయాయి. ఎవరు చేశారని అడిగింది. పెయింటర్ వస్తే తలుపు తీశాను, దీనికి కూడా వేసేస్తాడనుకోలేదు అన్నాను.

ఎందుకన్నాను? నోరు జారింది అని రాయబోయాను. అది నిజం కాదు. కాలనీలో కళ తెలిసిన మనిషినని మారీ నన్ను మెచ్చుకునేది. కిటికీ ఊచలకు వేయించినట్టు రంగు వేయించిన మొద్దునని ఆమెకు తెలియడం నేను భరించలేకపోయాను. మా ఆయన ఉద్యోగానికి ఏమవుతుందోనన్న భయం కూడా కాదు. ఉత్త పరువు.

ఆమె భర్త కంపెనీకి ఫిర్యాదు చేశాడు. మల్లేశం ఉన్నదున్నట్టు చెప్పాడట. పైవాళ్ళు మా ఆయన్ని అడిగారు, ఆయన అన్నం తింటూ నన్ను అడిగారు. నాకేం తెలుసు అన్నాను. ఆయన నమ్మారు. దాంతో మల్లేశం అబద్ధాలకోరయ్యాడు.

మర్నాడు అతను వంటింటి తలుపు దగ్గరికొచ్చాడు.

"అమ్మా, వీసా క్యాన్సిల్ జేస్తున్రు. రంగు ఎయ్యమన్నది మీరేనని ఒక్క మాట చెప్పుండ్రి. మీ మాట ఇంటరు."

"వాళ్ళు కోపంలో ఉన్నారు మల్లేశం. కాస్త చల్లారనీ, సార్‌తో చెప్పిస్తాను."

"వాళ్ళు సల్లవడేటాళ్లకు నేను ఊర్లుంట అమ్మా. ఇంటికి గోడలే లేసినయి, స్లాబు వడలేదు."

నేను మళ్ళీ కూర తరగడంలో పడ్డాను. అతను వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే విమానం ఎక్కించారు.

మారీ ఆ తర్వాత కూడా మా ఇంటికొచ్చి, నా భుజం మీద తలపెట్టి ఏడ్చేది. నేను వీపు నిమిరేదాన్ని. మల్లేశం సంగతి పనివాళ్ళ క్యాంప్‌లో ఎవరినడిగినా తెలిసేది. అడగలేదు. మళ్ళీ వీసా దొరికి ఉంటుంది, ఇల్లు పూర్తయి ఉంటుంది అని అప్పుడప్పుడూ అనుకుంటాను. అది అతని కోసం అనుకుంటున్నానా, నా కోసమా? ఇప్పుడు మారీ ఎదురుపడితే చెబుతానా? ఏమో, ఆ ధైర్యం ఉందని ఒట్టేయలేను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. కానీ ఇది రాస్తుంటే చాలా ఏళ్ళకు ఊపిరి సరిగ్గా అందుతోంది. తాళం తీసి, బొమ్మ చూపించి, రంగు వేయమన్నది నేనే. మల్లేశం నిజమే చెప్పాడు.