సావిత్రమ్మ టీచరు నేర్పిన జగడం

పొద్దున మాలూరు వెళ్లే రైలెక్కితే పెట్టె నిండా మల్లెపూలూ ఇడ్లీలూ కలగలిసిన వాసన, దాని మీదుగా ఫోనుల్లో కేకలు. నిన్న నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఊళ్లో ఉన్న తల్లితో మాట్లాడాడు. "తింటివామ్మా? మాత్ర ఏసుకుంటివా? బాగుండావు కదా? సరే, పెట్టేస్తాండా." రైలు ఒక కూత వేసేలోగా తల్లీకొడుకుల సంభాషణ ముగిసింది. అది వినగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. ఆ మూడు ప్రశ్నలనూ మా కేజీఎఫ్ వీధిలో సావిత్రమ్మ టీచరు ఏనాడో నిషేధించింది. ఆమె పోయినా ఆ చట్టాన్ని రద్దు చేసే ధైర్యం ఎవరికీ లేదు.

టీచరుది మా పెదనాన్న ఇంటికి ఎదురిల్లు. ఉద్యోగం నుంచి ఆమె రిటైరైంది గానీ గొంతు రిటైరు కాలేదు. ఆమె "ఒరే" అంటే వీధికుక్కలు కూడా ఎత్తు ప్రకారం వరుసలో నిలబడేవి. బంగారు గనులు నడిచే రోజుల్లో ఆమె బడిలో పాఠం చెబితే, కింద పాతాళంలో రాయి కొట్టేవాళ్లకు ఎక్కాలు వచ్చేశాయని చెప్పుకునేవాళ్లు. చెప్పుకున్నది ఎక్కువగా నేనే.

పెదనాన్న చెంగప్ప ఆ పాతాళంలోనే డ్రిల్లింగు చేసి, ఒక చెవి వినికిడిని అక్కడే వదిలి వచ్చిన మనిషి. పెద్దమ్మ పోయాక ఆయన పొయ్యి వెలిగించడం మానేశాడు. టీ, బన్ను, మళ్లీ టీ. కూతురు ఇందిరక్క మస్కట్‌లో నర్సు. ఆమె ముఖం కనబడాలని నేను పలక అంత ఫోను కొనిచ్చాను. రోజూ సాయంత్రం ఆమె "బాగుండావా నాయనా" అనేది, ఆయన "బాగుండాను" అనేవాడు, తర్వాత ఇద్దరూ పాస్‌పోర్టు ఫోటోల్లా ఒకరినొకరు చూసుకునేవాళ్లు. ఆయన చొక్కా వారం వారం వదులవుతోంది. "ఇట్లే అయితే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తానప్పా. నేనొచ్చేలోపల ఏమైనా అయితే?" అని అక్క నాతో ఏడ్చింది.

ఆ మాట టీచరు చెవిన వేశాను. ఆమె నా ఫోను లాక్కుని అక్కతో మాట్లాడింది. "అది మాటలా మే, ఆస్పత్రిలో ఓపీనా? దినామూ బాగుండావా అని అడిగితే ఎవురికైనా రోగం వస్తుంది. రేపు ఆయన ముందర ఏదన్నా చెడగొట్టు. ఆయనకు కోపం రావాల."

మరునాటి సాయంత్రం ఇందిరక్క ఫోను తెర మీద మస్కట్ వంటింట్లో ప్రత్యక్షమైంది. మా కోలారు సీమలో ఇంతవరకూ ఎవరూ తలపెట్టని ఘోరానికి పూనుకుంది. రాగిపిండీ చన్నీళ్లూ మిక్సీలో పోసి, "సంగటి చేస్తాండా నాయనా" అంది.

పెదనాన్న కుర్చీలోంచి లేచిన వేగానికి ఇంటి పెంకులు కదిలాయి.

"మిక్సీలోనా? ఎవురు మే నీకు చెప్పింది?"

"ఇక్కడందరూ ఇట్లే చేస్తారు నాయనా."

"అందరూ యాడన్నా చావనీ. నువ్వు చెంగప్ప కూతురువి. ఆపు దాన్ని. ఒరే అప్పయ్యా, ఫోను సరిగ్గా పట్టుకో, ఆ బిడ్డకు కనపడాల."

నేను ఫోను స్టాండునయ్యాను. ఆయన పొయ్యి ముట్టించాడు. ఎసరు మరిగాక పిండి కుప్పగా పోశాడు, తెడ్డు నడుమ గుచ్చి ఉడకనిచ్చాడు, ఆపైన గనిలో బండను కదిలించినట్టు గెలికాడు. గెలికినంతసేపూ తిట్లు. అటు నుంచి అక్క ఎదురు వాదన, "అంత గెలికితే చెయ్యి పోతుంది" అని. తడి చేత్తో ముద్ద కట్టి, అది చంద్రుడంత గుండ్రంగా ఉందని ఫోనుకు చూపించాడు. టీచరు గిన్నెతో బస్సారు, అదే ఆకుకూర ఉడికిన నీళ్లతో కాచిన చారు, పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది, అనుకోకుండా వచ్చినట్టు. చేసిన ముద్దను పారేయలేడు గదా, కూర్చుని మొత్తం తిన్నాడు. అక్క మిక్సీ పక్కన చెంపకు చెయ్యానించుకుని, ఆయన తినడం చూసింది.

ఫోను పెట్టాక ఆయన చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "టీచరమ్మా, నా కూతురికి సంగటి రాదనుకుంటివా? లంగా కట్టే వయసులోనే నేర్పినాను."

టీచరు గుమ్మంలోనే చతికిలబడింది.

"తెలిసీ ఎందుకప్పా అంత అరిస్తివి?" అంది.

"అరిసి శానా దినాలాయె." తుండుతో మూతి తుడుచుకున్నాడు. "ఇంగ రేపేం చెడగొడతాదంట?"

ఇందిరక్క రాజీనామా ఇవ్వలేదు. ఆ తర్వాత ఆమె ఎన్ని వంటలు పాడు చేసిందో రాస్తే గల్ఫ్ దేశాలు మనతో సంబంధాలు తెంచుకుంటాయి. ఆ విద్య నాకూ పట్టుబడింది. బైరకూరులో ఉండే మా చిన్నమ్మకు ఫోను చేస్తే నేను ఆరోగ్యం అడగను. "చిన్నమ్మా, ఈసారి మామిడికాయ ఊరగాయ నూనె లేకుండా పెడతాండా" అంటాను. అవతల కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు, పదేళ్లు తగ్గి: "ముందు ఆ జాడీ మీద నుంచి చెయ్యి తియ్యి."