మిర్చి బజ్జీల దగ్గర ఆగిన పెళ్లికారు

ఆ రోజుల్లో, అంటే రిటైరైన కొత్తలో, నాకు నేను కుర్రవాడిలాగే అనిపించేవాణ్ణి. ఐర్లండ్‌లోని గాల్వేలో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి నాణ్యత పరీక్షించినవాడికి, పరీక్షించడానికి ఇంట్లో మా ఆవిడ చేసే పప్పు తప్ప ఏమీ మిగల్లేదు. (ఆ పరీక్షలు ఎక్కువ కాలం సాగలేదు.) అందుకే పక్కింటి ఐరిష్ టీచరమ్మ, ఆవిడా రిటైరైన మనిషే, తమ ఫిల్మ్ క్లబ్బులో చేరమనగానే చేరిపోయాను. డైరీలో "రెండో ఉద్యోగం" అని రాసి కింద గీత కూడా గీశాను.

ఆ నెల క్లబ్బుకి పండగే. పాలస్తీనా నుంచి ఒక దర్శకురాలు తన సినిమాతో వస్తోంది. సైనిక ఆక్రమణ కింద బతికే ఒక కుటుంబం కథ. ఊళ్లో ఒక్కటే ఆట, మర్నాడు ఆవిడ లెటర్‌కెన్నీ అనే ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. ఆవిణ్ణి రప్పించడానికి టీచరమ్మ పడని తంటా లేదు. "ప్రొజెక్టరూ లైట్లూ టీ, మూడూ మీకే అప్పగిస్తున్నా. నా పరువు కాస్త చూసుకోండి," అంది. "నిశ్చింతగా ఉండండి మేడమ్," అన్నాను. "గ్రాండ్!" అంది పాపం, ఇక్కడివాళ్లు "సరే, బాగుంది" అనడానికి అనే మాట.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఐర్లండ్‌లో ఇన్నేళ్లున్నా మేము హాల్లో చూసినవన్నీ తెలుగు సినిమాలే. తెర మీద "విశ్రాంతి" అని పడగానే లేచి సమోసాల కోసం పరిగెత్తే జాతి మాది. ఇంటర్వెల్ లేని సినిమా ఉంటుందని నా ఊహకైనా అందలేదు. మా ఆవిడ మాత్రం ఆ సాయంత్రం క్లబ్బు హాలు వంటగదిలో పిండి కలుపుతూ అడిగింది: "సగంలో ఆపుతామని వాళ్లకి చెప్పారా?"

"చెప్పేదేముంది? ఇంటర్వెల్లో కాకపోతే టీ ఎప్పుడు తాగుతారు? నేను లైట్లు వేసేసరికి నీ బజ్జీలు వేడిగా ఉండాలి, అంతే."

సినిమా మొదలైంది. పెళ్లికూతురు, జోకులేసే తండ్రి, మిఠాయి పళ్లెం ఒళ్లో పెట్టుకున్న నాయనమ్మ పక్క ఊళ్లో పెళ్లికి కార్లో బయల్దేరారు. హాలంతా నవ్వులు. దారిలో చెక్‌పోస్టు. సైనికుడు కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్లాడు, ఇక రాడు. పెళ్లికూతురు కారు దిగి ఎండలో నిలబడింది. "ఆహా, ఇంటర్వెల్ ఎక్కడ పెట్టిందమ్మా!" అని మనసులోనే మెచ్చుకుని, సినిమా ఆపి లైట్లు వేశాను.

ముందు వరసలో టీచరమ్మ వెనక్కి తిరిగింది. ఆ ముఖం చూశాక నాకు సర్వం అర్థమైంది. పక్కనే దర్శకురాలు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ పళ్లెం నిండా మిర్చి బజ్జీలతో ప్రవేశించింది. ఐరిష్ వాళ్ల మర్యాద గొప్పది. ఒక్కరూ ప్రశ్న వేయకుండా లేచి వరసలో నిలబడ్డారు.

"ఏమండీ, ఆ దర్శకురాలు ఏడుస్తోందా?" అంది మా ఆవిడ నా చెవిలో.

"తెలీదు. కారమేమో."

అప్పుడు ఒక రైతు పెద్దాయన బజ్జీ చేత్తో పట్టుకుని గట్టిగా అన్నాడు: "ఆ పిల్లని అలా ఎండలో నిలబెట్టి నాకిది గొంతు దిగదు. వదుల్తారా లేదా వాళ్లని?" ఇంకెవరో "ఆ మిఠాయి కరిగిపోదూ?" అన్నారు. "ముసలావిడకి దాహమేస్తుంటుంది," అన్నారు మరొకరు. తెర మీద పెళ్లికూతురు కదలకుండా నిలబడి ఉంటే, కింద హాలంతా ఆమె మేనమామలూ పిన్నులూ అయిపోయారు.

నేను దర్శకురాలి దగ్గరకెళ్లి క్షమించమన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది, నవ్వి నవ్వి. "మా అమ్మ నిజంగా అక్కడ అలాగే నిలబడింది. వెనక కార్లవాళ్లు తమ తిండి తెచ్చి పెట్టారట. దాన్ని సినిమాలో పెట్టడం నాకు చేతకాలేదు. మీరు పెట్టేశారు," అని, టీచరమ్మ చేతిలో ఒక బజ్జీ పెట్టింది. టీచరమ్మ కొరికి, నీళ్లడిగి, అప్పుడు నవ్వింది. లైట్లార్పి సినిమా మళ్లీ వేశాక, కారు కదిలినప్పుడు మొదటి ఈల వేసింది నేనే. రెండోది రైతు పెద్దాయనది.

లెటర్‌కెన్నీలో సినిమా ఎక్కడా ఆగకుండా చక్కగా నడిచిందట. "కానీ ఇక్కడ మిఠాయి గురించి ఎవరూ బెంగపడలేదు," అని దర్శకురాలు కబురు పంపింది. ఇప్పుడు నేను క్లబ్బులో కుర్చీ జరపాలన్నా ముందు అడుగుతాను, ఎక్కడా పొరపాటు జరగదు. నాలోని ఆనాటి మనిషికి ఏమీ తెలియదు నిజమే. కానీ సినిమా చూసేటప్పుడు పక్కన కూర్చోవడానికి ఇప్పటి నాకంటే అతనే బాగుండేవాడు.