దూలానికి నాలుగో పలక

ఆ రోజుల్లో కొత్తల్లుడంటే ఇంటికి దిగివచ్చిన దేవుడే. దేవుడు పొరబడితే ఎవరు దిద్దుతారు చెప్పండి? నేనప్పుడు ఆదోని పత్తి మిల్లులో ముప్పై అడుగుల దూలాలు దగ్గరుండి చేయించినవాణ్ణి. (చేయించింది మేస్త్రీలు. నేను గేటు దగ్గర పత్తి బస్తాలు తూచేవాణ్ణి. దూలాలు కూడా పదిహేను అడుగులకు మించవేమో.) పెళ్లయ్యాక ఎమ్మిగనూరుకు వెళ్లి ఈ ఘనకార్యాలన్నీ మా మామకు వినిపించాను. ఆయన మగ్గాల సాల దూలాన్ని చెదలు తినేశాయి. యుద్ధం రోజులు కావడంతో అంత పొడుగు టేకుమాను ఎక్కడా దొరకలేదు. పొట్టి టేకు పలకల్నే నిలువునా పక్కపక్కన చేర్చి, ఒకదాని అతుకు ఇంకోదాని అతుకుకు ఎదురుపడకుండా జరిపి, బోల్టులతో బిగించి ఒకే దూలం చేయాలి. దాన్ని సాలలోని పాత కొయ్య స్తంభాల, అదే కంబాల, తలల్లో ఉన్న గాడిలో కూర్చోబెట్టాలి. ఈలోగా వానొస్తే మగ్గాల మీది పడుగు నూలంతా పాడైపోతుంది. "ఇంగ నువ్వుండావు గదప్పా, నాకేం దిగులు" అని మామ ఆ పని నాకప్పగించాడు.

వడ్రంగి మేస్త్రీ సాహెబు మూడు పలకల మందాన చేర్చి బిగించాడు. ఏం పనితనమో! అతుకు మీద గోరు పెట్టి లాగినా ఎక్కడా ఆగలేదు. నేను మాత్రం గొంతు సవరించుకుని, "మూడేనా? మా మిల్లులో నాలుగుకు తక్కువ వేయరు" అన్నాను. సాహెబు మామ వైపు చూశాడు. మామ ఆకాశం వైపు చూశాడు. బావమరిది ఏదో పని గుర్తొచ్చినవాడిలా బయటికి పోయాడు. "అల్లుడప్ప సెప్పినాక ఇంగేముంది సామీ, ఏస్తా" అన్నాడు సాహెబు.

ముహూర్తానికి పసుపు పూసిన ఆ దూలాన్ని నేనొక్కణ్ణే ఎత్తాను. (భుజాలిచ్చింది వీధిలోని నేతగాళ్లు. నేను "పైకి, ఇంకా పైకి" అన్నాను.) దూలం కంబాల మీదికొచ్చి ఆగిపోయింది. గాడి మూడు పలకలకే ఉంది. దాన్ని వెడల్పు చేద్దామంటే కంబం తల చీలిపోతుంది. అత్త చేతిలో కొబ్బరికాయ, పడమట మబ్బు, మోస్తున్నవాళ్ల రొప్పు.

"ఎవురప్పా ఈ కంబాలకు ఇంత ఇరుకు గాడి కొట్టింది?" అని మామ గద్దించాడు.

"మా నాయన సామీ. అల్లుడప్ప వస్తాడని ఆయప్పకేం తెల్సు?" అన్నాడు సాహెబు.

"కంబాలకన్నా బుద్ధుండద్దా?" అంటూ అత్త నిజంగానే కంబాన్ని ఒక్క చరుపు చరిచింది.

ఇక నాకే సిగ్గేసి, "ఒక పలక తీసేస్తే..." అని గొణిగాను. ఆ మాట కోసమే కాచుకున్నట్టు దూలం కిందికి దిగింది. సాహెబు ఉలితో రెండు దెబ్బలు వేయగానే నాలుగో పలక ఊడి వచ్చింది. దాన్ని అతను బోల్టులతో బిగించనేలేదు, మేకులతో అంటించి ఉంచాడంతే! మళ్లీ ఎత్తేసరికి దూలం గాడిలో ఠప్పున కూర్చుంది. "సూస్తిరా మా అల్లుని తెలివి! దూలమూ ఎక్కించినాడు, పలకా మిగిలించినాడు" అని మామ వీధంతా వినబడేలా అరిచాడు. కాయ కొట్టీ కొట్టకముందే చినుకులు మొదలయ్యాయి.

"నీకు ముందే తెలుసా?" అని మా ఆవిణ్ణి అడిగాను. "ఇంట్లో పిల్లికి గూడా తెల్సు. అల్లునికి ఎదురు సెప్పగూడదని నాయన అందరి నోర్లూ కట్టేసినాడు" అంది నవ్వాపుకుంటూ.

ఆ పలకతో మామ నాకొక ఉయ్యాల చేయించి పంపాడు. ఇప్పటికీ దాని మీదే కూర్చుంటాను. మొన్న మా అల్లుడు వచ్చి, పలకను వేలితో తట్టి, "ఇది వేప చెక్క గదా మామా?" అన్నాడు.

"వేపేనప్పా" అని ఆకాశం వైపు చూశాను. కాసేపటికే మెడ నొప్పెట్టింది. పాపం, మా మామ నా కోసం ఎంతసేపు చూశాడో.