కృపాదానం ఫ్లెక్సీల్లో ఒక తల ఎక్కువ

కృపాదానం చేసే ఏ ఫ్లెక్సీలోనైనా ఒక తల ఎక్కువ ఉంటుంది. పెళ్లి కానివ్వండి, వినాయకుడి ఉత్సవం కానివ్వండి, చర్చిలో క్రిస్మస్ కానివ్వండి, మీరిచ్చిన ఫొటోలన్నీ వేసి, మీరివ్వని ఒక ముసలాయన ఫొటో కూడా వేస్తాడు. తలపాగా, నెరిసిన మీసం, ఎడమ కన్ను కాస్త చిన్నది. ఏ పక్క నుంచి చూసినా ఆ చిన్న కన్ను మన మీదే ఉంటుంది. ఆయనెవరయ్యా అంటే కృపాదానం కంప్యూటర్ వైపు తిరిగి రంగులు సర్దుకుంటాడు.

నా పేరు విజయకుమారి, బ్లౌజులు కుడతాను. నా షాపుకీ అతని షాపుకీ ఒకటే గోడ, అందుకే అతని సంగతులు వద్దన్నా నా చెవిన పడతాయి. నెల్లూరు నుంచి ముత్తుకూరు పోయే రోడ్డు పక్కన మా వీధి. ఒకప్పుడు ఇదంతా వరి పొలమట. ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. పోర్టులో పనిచేసేవాళ్లూ, థర్మల్ ప్లాంటు వాళ్లూ అద్దెకు దిగారు. పక్క వాటాలో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఒకరి ముఖం ఒకరికి తెలిసేది ఫ్లెక్సీల మీదే.

పనిలో మాత్రం కృపాదానానికి వంక పెట్టలేం. అడక్కుండానే మనల్ని నాలుగు వన్నెలు తెల్లగా చేస్తాడు. మా రెండు షాపుల ఓనరూ, అపార్టుమెంట్లు కట్టే ఆసామీ అయిన పద్మనాభయ్య గారి బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలిపించింది అతనే. అయినా ఆ పెద్దమనిషికి తృప్తి లేదు. ప్రతిసారీ "నా బొమ్మ ఇంకా పెంచబ్బయ్యా" అంటారు. పెంచీ పెంచీ ఒకసారి వినాయకుడు ఆయన చెవి వెనక్కి పోయాడు.

ఆ ముసలాయన్ని నేను మొదట చూసింది మా అమ్మాయి బిందు ఓణీల ఫంక్షన్లో. హాలు గేటు దగ్గర ఫ్లెక్సీ చూసి మా అత్తగారు నన్ను పక్కకు పిలిచింది.

"మీవోళ్లలో ఆ తలపాగా పెద్దాయన ఉండాడే, తాంబూలం ఇచ్చినావా?"

"మావోళ్లు కాదత్తా, మీవోళ్లే."

"మావోళ్లలో అట్టాంటి కన్ను ఎవురికీ లేదే!"

అంతలో మా ఆడపడుచు మొగుడు చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. "ఆయన నా పక్కనే కూర్చొని తిన్నాడు. రసం రెండుసార్లు పోయించుకున్నాడు" అన్నాడు. పరుగున పోయి చూస్తే ఆయన చూపించిన చోట తిని మడిచిన విస్తరి ఉంది. అక్కడ ఎవరు కూర్చున్నారో ఎవరూ చెప్పలేకపోయారు.

మర్నాడు కృపాదానాన్ని పట్టుకున్నాను.

"ఎవురు కృపా ఆయన?"

"ఎవురక్కా?"

"నా బిడ్డ ఫంక్షన్లో నిలబడినాయన!"

"ఓణీ రంగు మాత్రం బాగా కుదిరింది కదక్కా" అన్నాడు.

కోపం పట్టలేక ఫ్లెక్సీ ఊడబీకి, రోడ్డు మీద బియ్యం మూటలతో ఆగి ఉన్న లారీ డ్రైవరుకి ఇచ్చేశాను. వానొస్తే మూటల మీద కప్పుకోమన్నాను.

ఆ తర్వాత ఆయన మా వీధిలో తిరగని చోటు లేదు. క్రిస్మస్ ఫ్లెక్సీలో పశువుల పాక ముందు ముగ్గురు జ్ఞానులుండాలి కదా, నలుగురున్నారు. నాలుగో ఆయన చేతిలో కానుక లేదు, తల మీద తలపాగా ఉంది. బ్యూటీ పార్లర్ ఫ్లెక్సీలో పెళ్లికూతుళ్ల మధ్య నుంచి తొంగి చూశాడు. ఒకసారి తుపానుకు సముద్రం గాలి కొట్టి, రోడ్డు పొడవునా ఫ్లెక్సీలన్నీ చినిగిపోయాయి. తెల్లారి చూస్తే దేవుళ్లు లేరు, పెళ్లికొడుకులు లేరు, పద్మనాభయ్య గారూ లేరు. ప్రతి స్తంభానికీ కింది మూల మాత్రం తాడుకి వేలాడుతోంది. ఆ మూలలో కృపాదానం ఫోన్ నంబరు, నంబరు పక్కన ముసలాయన, గాలికి తల ఊపుతూ. వాకింగ్‌కు బయల్దేరినవాళ్లు గేటు దాటకుండా వెనక్కి తిరిగారు.

ఇక కథలు పుట్టాయి. ఈ పొలాలు సాగుచేసిన రైతేనట, చచ్చి అపార్టుమెంటు కింద ఉన్నాడట. లిఫ్టు దానంతటది ఆగితే "తాత ఎక్కినాడు" అని జరిగి చోటిచ్చేవాళ్లు. నేను నవ్వేదాన్నే గానీ, దీపాలు పెట్టే వేళకి షట్టర్ దించేసేదాన్ని.

పద్మనాభయ్య గారి కొత్త అపార్టుమెంటు ఫ్లెక్సీతో వ్యవహారం ముదిరింది. ముందు భాగమంతా ఆయన ముఖం, వెనకాల మేడ. ఆ మేడ పై అంతస్తు కిటికీలోంచి తలపాగా ముసలాయన కిందికి చూస్తున్నాడు. ఒక్క ఫ్లాటూ అమ్ముడుపోలేదు. పద్మనాభయ్య గారు మండిపడుతూ వచ్చారు.

"ఆ తల తీసేస్తావా, షాపు ఖాళీ చేస్తావా?"

కృపాదానం మొదటిసారి కంప్యూటర్ వదిలి మనిషి వైపు చూశాడు. "ఖాళీ చేస్తాను సార్. ఆదివారం సాయంత్రం తాళాలిస్తాను" అన్నాడు.

ఆ షాపు తప్ప అతనికి వేరే ఆధారం లేదు. ఆయన అటు పోగానే నేను ఇటు అందుకున్నాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఒక బొమ్మ కోసం పెండ్లాం బిడ్డల్ని రోడ్డు మీద పెడతావా?"

అతను జవాబు చెప్పే లోపల ఫోన్ మోగింది. స్పీకర్లో ఒక ఆడమనిషి గొంతు.

"బ్యానర్లు చేసే ఆయనేనా? చిల్లకూరు దగ్గర హైవే మీద మాది టీ అంగడి. ఒక లారీ ఆయన ఇచ్చిన బ్యానరు పైన కప్పుకున్నాం. బిందు అనే పిల్ల ఫంక్షనుది. మా దగ్గర గ్లాసులు కడిగే తాత పొద్దస్తమానం పైకి చూసి, 'ఈ పేరంటానికి నేనెప్పుడు పోయినాను?' అంటుండాడు. ఏందా అని చూస్తే ఆయన బొమ్మే! తాతకి పేరు తెలీదు, ఊరు తెలీదు. బ్యానరు మూల మీ నంబరుంటే చేసినాను."

కృపాదానం కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు.

ఆయన పేరు హజరత్తయ్య, ఊరు కొడవలూరు. వయసులో ఉన్నప్పుడు ఇక్కడి మళ్లు కౌలుకు చేశాడు. మతిమరుపు వచ్చాక ఒకరోజు మడి చూసి వస్తానని బస్సెక్కాడు. ఇక్కడ మడి లేదు. అపార్టుమెంట్ల మధ్య తిరిగి తిరిగి ఎటో పోయాడు. ఆయన భార్య ఆదిశేషమ్మ వచ్చి, కనబడుటలేదని కృపాదానం దగ్గర పోస్టర్లు వేయించింది. వారం తిరక్కుండా వాటి మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు పడ్డాయి.

"పోస్టరు ఎవురూ చూడరక్కా. ఫ్లెక్సీ అయితే చినిగినా ఏ గుడిసె మీదకో, లారీ మీదకో పోతుంది. ఊర్లు తిరుగుతుంది. తప్పిపోయినోడి బొమ్మ మీ శుభకార్యంలో ఏస్తానంటే మీరు ఒప్పుకుందురా?"

చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. ఆ మాటే చెప్పాను.

ఆదివారం సాయంత్రం సరిగ్గా కరెంటు పోయిన వేళకి, చిల్లకూరు పోయిన కృపాదానం ఆటో వీధి మొదట్లో ఆగింది. మసక వెలుతురులోంచి తలపాగా, నెరిసిన మీసం, చిన్న కన్ను నడిచి వస్తున్నాయి. వాచ్‌మన్ అమ్మో అని నీళ్ల ట్యాంకు ఎక్కాడు. బాల్కనీల తలుపులన్నీ ఒక్కసారి మూసుకున్నాయి. తాళాల కోసం వచ్చిన పద్మనాభయ్య గారు నా షాపులో వేలాడే లంగాల వెనక దూరారు. హజరత్తయ్య తిన్నగా ఆయన ముందుకే వచ్చి అడిగాడు.

"అయ్యా, మన మడి యాడుంది?"

పద్మనాభయ్య గారు వేలితో నేల చూపించారు.

కబురందుకుని వచ్చిన ఆదిశేషమ్మ అప్పటికే నా స్టూలు మీద కూర్చుని ఉంది. లేచి వచ్చి మొగుడి తలపాగా సర్ది, భుజం మీద ఒకటి వేసింది. "ఊళ్లోవాళ్ల పెండ్లిళ్లన్నిటికీ పోయినావంటనే. ఇంటికి రావడానికి మాత్రం తీరలేదా?" అంది. ముసలాయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, "ఆకలేస్తుండాదే" అన్నాడు. ఆమె నవ్వుతూ ఏడ్చింది, మేమూ అంతే. బాల్కనీల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అందరూ ఎరిగిన మనిషే కదా, ఆ రోజు ఆయనకు కాఫీలూ టిఫిన్లూ ఇరవై వాటాల నుంచి వచ్చాయి.

తాళాల మాట పద్మనాభయ్య గారు మళ్లీ ఎత్తలేదు. నెల తిరిగాక కొత్త ఫ్లెక్సీ కోసం వచ్చారు. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. నేను మిషన్ ఆపి వెళ్లి తొంగి చూశాను. స్క్రీన్ మీద కొండంత పద్మనాభయ్య గారు, కింది మూలలో ఫోన్ నంబరు పక్కన ఎవరో ఒకామె. నల్లపూసలు, నుదుటి మీద చిన్న మచ్చ. ఆమె మన వైపే చూస్తోంది.

"ఈమె ఎవురబ్బయ్యా?" అన్నారాయన.

కృపాదానం రంగులు సర్దుకుంటున్నాడు.

పద్మనాభయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మరీ చిన్నగా ఉండాది, లారీ మీద నుంచి యాడ కనిపిస్తుంది? నా బొమ్మ తగ్గించి ఆమెను పెంచు" అన్నారు.