బొట్టు పెట్టిన హాల్ టికెట్

నేను దేవుణ్ణి నమ్మను. ఈ మాట తార్నాకలో మేం టీ తాగే కొట్టు దగ్గర వెయ్యిసార్లు చెప్పాను. వెయ్యి కాదు, వంద అనుకోండి. వినేవాళ్ళు ఒకరిద్దరే, వాళ్ళయినా కప్పులో టీ ఉన్నంతసేపే.

యూనివర్సిటీ పరీక్షల విభాగాన్ని ముప్పై ఏళ్ళు నడిపించానని కూడా చెప్పేవాణ్ణి. నడిపించింది వేరేవాళ్ళు. నేను జవాబు పత్రాల కట్టలను గుడ్డలో చుట్టి, కుట్టి, లక్క కరిగించి సీళ్ళు వేసేవాణ్ణి. కానీ రిటైరైన మనిషి పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తూ 'సీళ్ళు వేసేవాణ్ణి' అంటే పక్కన ఎవరు నడుస్తారు? అందుకే నడిపించాననే చెప్పాను. నమ్మినవాళ్ళు తీసుకెళ్ళి, క్యాంపస్ గోడ పక్కనున్న సర్కారు బడి కమిటీలో నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు.

ఆ బడిలో ఒక మైక్రోస్కోపు ఉంది. ఉన్నది ఒక్కటే. దసరాకు దానికి ఆయుధపూజ చేసి సరిగ్గా అద్దం మీద బొట్టు పెట్టారు. ఆ తర్వాత అందులోంచి చూసిన పిల్లలకు ఉల్లిపొర కనిపించలేదు, ఎర్రటి మబ్బు కనిపించింది. తుడవమని నేనే వెళ్ళి చెప్పాను. "పూజ చేసింది తుడువద్దు సార్, మంచిది కాదు" అంది టీచరు. ఏ టీచరనుకున్నారు? సైన్సు టీచరే.

ఇక హెడ్మాస్టరు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కావాలన్నా కొంత తెగింపు ఉండాలి, ఆయనకు అదీ లేదు. లెక్కల టీచరు బదిలీ మీద వెళ్ళి ఏడాదైనా ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదని ఎలా అంటాను, సరస్వతి పటం వచ్చింది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డకొద్దీ దానికి పూలదండ లావెక్కింది. పరీక్షలు మూడు రోజులున్నాయనగా ఆయన పిల్లలందరి హాల్ టికెట్లనూ ఒక పళ్ళెంలో దొంతరగా పెట్టి, పక్కన పెన్నులు పేర్చి, పూజ చేయించాడు. పిల్లల్లో ఎవరిది ఏ మతమని ఎవరూ అడగలేదు. నేనా తతంగాన్ని దూరం నుంచి చూసి అసహ్యించుకున్నాను.

క్రైస్తవ తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఫిర్యాదు చేస్తారేమోనని హెడ్మాస్టరుకు దడ పుట్టింది. పూజలు మానేస్తే సరిపోయేది. ఆయన మానలేదు, మర్నాడు పాస్టరు గారిని కూడా బడిలోకే పిలిచాడు. తార్నాకలో పరుపుల దుకాణం పైఅంతస్తులో ఆయన ప్రార్థన మందిరం ఉంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మైకు లేకపోయినా మైకున్నట్టే మాట్లాడతాడు. క్రైస్తవ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి, వాళ్ళ హాల్ టికెట్లకు వేలితో నూనె రాసి ప్రార్థించి వెళ్ళాడు. తరగతిలో ముస్లిం పిల్లలు ముగ్గురున్నారు. వాళ్ళ కోసం ఎవరినీ పిలవలేదు. అందువల్ల పూజ పళ్ళెంలో అడుగున పడ్డ వాళ్ళ హాల్ టికెట్లకు బొట్టూ అంటలేదు, నూనే అంటలేదు.

రేపు పరీక్ష అనగా సాయంత్రం నాలుగింటికి ఒక తల్లీ కూతురూ మా ఇంటికి వచ్చారు. తల్లి క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చిన మనిషి, పాస్టరు గారి మందిరానికి వెళ్తుంది. కూతురిది తరగతిలో మొదటి రోల్ నంబరు.

"సార్, మీరు పరీక్షల ఆఫీసుల పెద్దసారు కదా" అని తల్లి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. "గిది సూడుండ్రి. రేపు లోపలికి రానిస్తరా, రానియ్యరా?"

చూశాను. ఫోటోలో ముఖం ఉండాల్సిన చోట ఎర్రటి మరక. నూనె కాగితంలోకి దిగి, రోల్ నంబరులో చివరి మూడంకెలు ఒకదానిలోకి ఒకటి పారిపోయాయి. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితంలా ఉంది.

"ఏమైందమ్మా?"

"బొట్టు మొన్న పెట్టిండ్రు. నూనె నిన్న పెట్టిండ్రు" అంది పిల్ల.

"అందరియి ఒక్క సుక్కనే సార్" అంది తల్లి. "దీనిదాని మీద బొట్టు సూసి, గిది పోవాలె అని పాస్టరుగారు సీసానే ఒంపిండు. బట్టతోని రుద్దిండు గూడ."

ఎవరు బొట్టు పెట్టారో పిల్ల చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిజానికి ఇది ఐదు నిమిషాల పని. నెట్ సెంటరులో ఇంకో కాపీ తీయించి, దాని మీద హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర వేయిస్తే చాలు. కాపీ తీయించి బడికి వెళ్ళేసరికి నాలుగున్నర. హెడ్మాస్టరు గదిలోనే ఉన్నాడు. కొత్త కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"సంతకానికేముంది సార్, చేస్త. కని పాతదేమైందో రాసియ్యాలె. రేపు ఎవడన్న అడిగితే నా తాన కాగితం ఉండాలె."

"పూజల ఖరాబైంది సార్. గదే రాస్తం" అంది తల్లి.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "పూజ అని రాస్తే నా నౌకరీ ఉంటదా? సర్కారు బడి అమ్మా ఇది! సర్కారు బడిల పూజలు చేస్తరా ఎవరన్న?"

ఆయన తల వెనక సరస్వతి పటానికి గుచ్చిన అగరుబత్తి ఇంకా పొగ వదులుతూనే ఉంది.

నూనె వల్ల పాడైందని రాయమన్నాడు. రాసే ముందు పాస్టరు గారికి ఒక మాట చెప్పాలన్నాడు. ఫోన్ చేస్తే ఆయన స్కూటర్ మీద పది నిమిషాల్లో వచ్చాడు.

"నూనె వల్ల ఎలా పాడవుద్దండీ? అది ప్రార్థించిన నూనె. మీ కుంకుమ లేకపోతే అసలు మరకే లేదు కదండీ."

"మీ నూనె లేకపోతే కుంకుమ సుక్కంతనే ఉండు, పాస్టర్ సాబ్."

"చుక్కంత కుంకుమ పిల్ల మొహమంతా ఉందేటండీ మరి?"

"మీరు రుద్దితే పాకింది!"

వింటూ కూర్చున్నాను. మొన్న ఒకరి దేవత, నిన్న ఇంకొకరి దేవుడు ముల్లోకాలనూ ఏలారు. ఈ సాయంత్రానికి ఒక కాగితం మీద మరక చేసే శక్తి కూడా ఇద్దరికీ లేకుండా పోయింది. భక్తులే చేశారు ఆ పని.

చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. తప్పు పిల్ల మీద వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. రాతకోతలు తెలిసినవాడినని కాగితం నా ముందుకు తోశారు. నేను రాశాను. నన్ను బలవంతం చేశారని చెబితే బాగుండేది కానీ ఎవరూ చేయలేదు. "మధ్యాహ్న భోజన సమయమున నా అజాగ్రత్త వలన సాంబారు ఒలికి నా హాల్ టికెట్టు పాడైనందున..." కలం ఎక్కడా ఆగలేదు. పరీక్షల విభాగంలో అలాంటి ఉత్తరాలు ఎన్నో నా కళ్ళబడ్డాయి.

"వహ్వా సార్!" అన్నాడు హెడ్మాస్టరు.

"ఎవరికీ నొప్పి లేకుండా రాశారండీ" అన్నాడు పాస్టరు.

పిల్ల దాన్ని చివరిదాకా చదివింది. "నేను సాంబారు పోసుకోలే."

"సంతకం పెట్టు బిడ్డా" అంది తల్లి.

"ఆ దినం నేను సాంబారే తినలే. గుడ్డు ఉండె. గుడ్డు తిన్న."

"గుడ్డో సాంబారో, ఏముందే గండ్ల? గింతదానికి పరీక్ష పోగొట్టుకుంటవా?" అని హెడ్మాస్టరు అరిచాడు.

"ఏం లేదు కదా సార్. అయితే మీరే పోసుకున్నరని రాయుండ్రి."

ఆయన గడియారం చూశాడు. "ఐదు గంటలకు తాళమేసి పోత. ఇగ మీ ఇష్టం." తల్లి కళ్ళు నిండిపోయాయి. ఏడాదంతా లెక్కల టీచరు లేకుండా చదివిన పిల్ల అది, క్యాంపస్ చెట్ల కింద కూర్చున్న యూనివర్సిటీ విద్యార్థులను బతిమాలి లెక్కలు చెప్పించుకుంది.

పిల్ల నా వైపు తిరిగింది.

"తాతా, బొట్టు నువ్వే కదా పెట్టింది?"

పూజను దూరం నుంచి చూశానని పైన రాశాను. అది అబద్ధం. ఆ రోజు హెడ్మాస్టరు నాకు శాలువా కప్పాడు. నా జన్మకు అదే మొదటి శాలువా. రిటైరైన రోజు కూడా ఎవరూ కప్పలేదు. "పెద్దమనుషుల చేతుల మీదుగా" అని ఆయన కుంకుమ భరిణె పట్టుకుంటే, నేను దేవుణ్ణి నమ్మనని చెప్పడానికి నోరు తెరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు. నోరు మూసుకుని బొటనవేలు ముంచాను. మార్చి ఎండలో ఆ శాలువా లోపల చెమటలు కారుతున్నా తీయలేదు. హాల్ టికెట్ల దొంతరలో పైనున్నదాని మీద వేలు పెట్టాను. లక్క మీద సీలు నొక్కి నొక్కి పడ్డ అలవాటు, గట్టిగానే నొక్కాను. పైనున్నది మొదటి రోల్ నంబరు. ఎవరిదో కూడా చూడలేదు. హెడ్మాస్టరునీ, పాస్టరునీ ఇంతసేపు తిట్టాను కదా, వాళ్ళు కనీసం తాము నమ్మిందే చేశారు. నేను శాలువా కోసం చేశాను.

ఆ కాగితాన్ని హెడ్మాస్టరు ముఖాన చింపి విసిరేశానని తర్వాత టీ కొట్టు దగ్గర చెప్పాను. చింపలేదు. అందులో సాంబారు మీద అడ్డగీత కొట్టి, వెనక్కి తిప్పి రాశాను: "కమిటీ సభ్యుడినైన నేను హాల్ టికెట్ల మీద కుంకుమ పెట్టుటచే పైనున్న హాల్ టికెట్టు పాడైనది. ఇందులో విద్యార్థిని తప్పు లేదు." కింద నా సంతకం పెట్టాను.

హెడ్మాస్టరు చదివాడు. ముఖం విప్పారింది. "మీరెట్లాగూ రిటైర్డ్. మీ పింఛను ఎవడు ఆపడు" అని కలం తీశాడు. తీసి ఆగాడు. "సార్, 'హెడ్మాస్టరుకు తెలియకుండ' అని ఒక్క ముక్క చేర్చుండ్రి."

చేర్చాను. ఐదుకు నాలుగు నిమిషాలుంది.

"నూనె సంగతి రాయలేదు కదండీ?" అని పాస్టరు మెడ చాచాడు.

"రాయలేదు."

"దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అని నా తల మీద చేయి వేయబోయాడు. తల పక్కకు తీసుకున్నాను. అప్పటికి నాకు మిగిలిన నాస్తికత్వం అంతే.

సంతకం అయింది, ముద్ర పడింది.

మర్నాడు పొద్దున నల్లకుంటలో పరీక్ష సెంటరుకు వెళ్ళాను. గేటు ముందు నిలబడటానికి చోటు లేదు. ఒకామె కొడుకు నోట్లో ప్రసాదం కుక్కుతోంది. ఇంకొకాయన కూతురి పెన్నుకు విభూతి రుద్దుతున్నాడు. మా సైన్సు టీచరు కుంకుమ డబ్బీతో వరస కట్టించింది. లోపల రాయబోయేది పరీక్షో, బయట జరిగేదే పరీక్షో తెలియడం లేదు.

పిల్ల వరసలో లేదు. గోడ పక్కన తల్లితో నిలబడి ఉంది. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టి రెండు చేతులతో పట్టుకుంది.

"ఇటియ్యి బిడ్డా, ఒక్కసారి బైబిల్‌కు తాకిచ్చి ఇస్త" అంటోంది తల్లి.

"అద్దు."

నేను దగ్గరికి వెళ్ళి చేయి చాచాను. "ఇటు తే, నంబరు సరిగ్గ పడ్డదో లేదో సూస్త."

కవరు వీపు వెనక్కి పోయింది. కాసేపు నన్ను చూసి, దాన్ని ముందుకు తెచ్చి, చేయంత దూరంలో నా కళ్ళ ఎదుట నిలబెట్టింది. "చేతికియ్య. గట్లనే సూడు తాతా."

చేతులు వెనక కట్టుకుని, మెడ ముందుకు చాచి, అంకెలన్నీ పైకి చదివాను. సరిపోయాయి. పిల్ల గేటు దగ్గరికి నడిచి, పోలీసాయనకు కూడా కవరు అంతే దూరం నుంచి చూపించింది. ఆయన లోపలికి పొమ్మన్నాడు.